గోడ వెనుక ఏమున్నదో నిర్ధారించవలెను

రాజధానిలో ఉన్న శాఖ ప్రధాన కార్యాలయంలో ఒక డైరెక్టరు గారికి పదవీ విరమణ సభ జరిగింది. ఆయన ఫోటో గోడకు తగిలించలేదన్న సంగతి సభ సగంలో ఎవరికో గుర్తొచ్చింది. వెంటనే డ్రిల్లు తెప్పించి, వేదిక వెనక గోడకు చప్పుడు కాకుండా ఒక రంధ్రం పెట్టమన్నారు. డ్రిల్లుతో చప్పుడు కాకుండా రంధ్రం పెట్టడం ఎవరి వల్లా కాదు గనక, డైరెక్టరు గారే గొంతు పెంచి మాట్లాడసాగారు. "ఈ శాఖ నామీద కురిపించిన అభిమానం..." అని ఆయన అంటుండగా గోడలోని నీళ్ళ పైపు పగిలి, ధార సూటిగా ఆయన తలమీద పడింది. ఇదీ కార్యక్రమంలో భాగమే కాబోలనుకుని ముందు వరసవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ప్రాణనష్టం లేదు. శాలువా తడిసింది. విచారణ సంఘం వేశారు. ఆ సంఘం అన్ని కోణాల నుంచీ ఆలోచించి, ప్రమాదానికి మూలకారణం గోడ వెనక ఏముందో తెలియకపోవడమేనని తేల్చింది. ఆ వెంటనే అన్ని జిల్లాలకూ ఒక సర్క్యులర్ వెళ్ళింది. "ఇకమీదట శాఖకు చెందిన ఏ గోడకైనను, పైకప్పుకైనను రంధ్రము చేయుటకు ముందు, దాని వెనుక ఏమున్నదో నిర్ధారించవలెను. నిర్ధారణ కాని గోడకు రంధ్రము చేసినవారు క్రమశిక్షణ చర్యలకు పాత్రులగుదురు."

ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. మేకు కొట్టబోయి కరెంటు తీగను కొట్టినవాళ్ళు, కర్టెను బిగించబోయి కుళాయి గొట్టం పగలగొట్టుకున్నవాళ్ళు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. కొట్టేముందు చూసుకోమన్నారు, అంతే. చూడటమంటే ఏమిటన్నది మాత్రం సర్క్యులర్‌లో రాయలేదు.

ఉత్తరాంధ్రలో ఒక జిల్లా కేంద్రంలో ఈ శాఖవారిదే ఒక ఆసుపత్రి ఉంది. బోర్డు మీద దాని పేరు 'ప్రభుత్వ అంగచలన పునరుద్ధరణ కేంద్రం'. ఊళ్ళోవాళ్ళు నడకల ఆసుపత్రి అంటారు. పక్షవాతం వచ్చి కాలు పడిపోయినవాళ్ళూ, లారీ గుద్ది ఎముకల్లో రాడ్లు వేయించుకున్నవాళ్ళూ ఇక్కడికి వచ్చి మళ్ళీ నడక నేర్చుకుంటారు. నేర్పేది ఫిజియోథెరపిస్టు గొర్లె హైమావతి. చురుకైన మనిషి, కాస్త తొందర కూడా ఎక్కువే.

వ్యాయామం చేయించే హాలు నుంచి బయటి తలుపు దాకా పొడుగాటి వరండా ఉంది. అందులో ఒక పక్క కిటికీలు, మరో పక్క తెల్లటి గోడ. చూడటానికి గోడే గానీ, అది ఇటుకలతో కట్టింది కాదు. ఇనుప గొట్టాలు నిలువుగా వరసగా పాతి, వాటికి రెండు పక్కలా జిప్సం అట్టలు బిగించి రంగు వేశారు. అవతలి పక్క సూపరింటెండెంటు గారి గది. ఆయన గదికి ఏసీ పెట్టించినప్పుడు చల్లదనం వరండాలోకి పోకుండా ఈ అడ్డు కట్టారు.

రోగులు పట్టుకుని నడవడానికి ఆ గోడ పొడుగునా ఒక స్టీలు కమ్మీ బిగించాలని హైమావతి చాలాకాలం పోరాడింది. చివరికి కమ్మీ వచ్చింది. మిలమిల మెరుస్తూ వరండాలో నేలమీద పడి ఉంది. దాన్ని తన్నుకుని ఒకరిద్దరు రోగులు పడ్డారు కూడా.

ఆ కమ్మీ కోసం అందరికన్నా ఎక్కువ ఆత్రపడినది అప్పలనరసమ్మ. బస్సు కాంప్లెక్సు ఎదుట మూల మీద ఆమెకు టిఫిను పాక ఉంది. తెల్లారి మొదటి బస్సు డ్రైవర్లు ఆమె ఇడ్లీ తినకుండా స్టీరింగు పట్టుకునేవారు కాదు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. చెయ్యి తిరిగొచ్చింది గానీ కాలు ఇంకా మొరాయిస్తోంది. నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని నడవగలదు. కానీ వాకరుకు రెండు చేతులూ కావాలి. రెండు చేతులూ వాకరుకు ఇచ్చేస్తే ఇడ్లీ రేకులు ఎవరు దింపుతారు? పైగా దసరా నాటికి మనిషి వచ్చి పాకలో నిలబడకపోతే ఆ జాగా పక్కనున్న జ్యూసు కొట్టుకు ఇచ్చేస్తామని మునిసిపాలిటీవాళ్ళు కబురు చేశారు. జ్యూసు కొట్టువాడు అప్పుడే వచ్చి కొలతలు కూడా తీసుకెళ్ళాడట.

"ఒంటి సేత్తో పట్టుకుని నడిసీడం వచ్చీసిందంటే మరి నాను ఎల్లిపోతాను డాట్రమ్మా," అంది నరసమ్మ. "ఆ కమ్మీ ఏదో తొందరగా ఎట్టించీ."

"ఇవాళే పెట్టిద్దాం పిన్నీ. కానీ అట్టకి బిగిస్తే ఊడి చేతికొచ్చేస్తుంది. మీ బరువు ఆగాలంటే మర లోపలి గొట్టంలోకి దిగాలి. గొట్టాలెక్కడున్నాయో ముందు చూసుకోవాలి."

హైమావతి ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే చిలక బొమ్మ తెచ్చింది. దాని వెనక అయస్కాంతం ఉంటుంది. ఆ చిలకను గోడమీద మెల్లగా జరుపుకుంటూ పోయింది. అట్టను గొట్టానికి బిగించిన మరలున్న చోట చిలక టక్కున అతుక్కుంది. అతుక్కున్న చోటల్లా పెన్సిలుతో గీత పెట్టింది. వరండా చివరిదాకా రెండేసి అడుగులకొక గీత పడింది. నరసమ్మ వాకరు మీద ఆనుకుని, చిలక అతుక్కున్నప్పుడల్లా "ఊఁ" అంటూ తలాడించింది.

ఆ టకటకలకు సూపరింటెండెంట్ డాక్టర్ సోమయాజులు గారు తలుపు తీసుకుని బయటికి వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు. సర్వీసులో ఏనాడూ ఎవరి పనీ మధ్యలో ఆపలేదు. మొదలుపెట్టనిచ్చేవారు కాదు, అంతే.

"ఇవేమిటమ్మా, గోడమీద ఈ గీతలు?"

"లోపల గొట్టాలున్న చోట్లు సార్. ఇక్కడ మరలు దింపితే కమ్మీ కదలదు."

"గొట్టాలున్నాయని ఎవరు నిర్ధారించారు?"

"అయస్కాంతం అతుక్కుంది కదా సార్."

"అయస్కాంతం హోదా ఏమిటి?"

హైమావతి చేతిలోని చిలకను తిప్పి చూసింది. ఆయన గదిలోకి వెళ్ళి సర్క్యులర్ తెచ్చి, కళ్ళజోడు సవరించుకుని, మొత్తం చదివి వినిపించారు. నరసమ్మ కూడా ఒద్దికగా విన్నది.

"నీకు తెలియదని నేననడం లేదమ్మా," అన్నారాయన దయగా. "నాకూ తెలుసు. ఈ గోడ కడుతున్నప్పుడు నేనిక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గొట్టాలు పాతడం కళ్ళారా చూశాను. కానీ తెలియడం వేరు, నిర్ధారణ కావడం వేరు. తెలిసినంత మాత్రాన రంధ్రం చేస్తే రేపు నన్ను అడుగుతారు."

ఆయన గదిలోకి వెళ్ళిపోయాక నరసమ్మ హైమావతిని అడిగింది. "ఏటంటాడమ్మా? ఆయనకి తెలుసునంటాడా, తెల్దంటాడా?"

"తెలుసట పిన్నీ. అదే ఇబ్బందట."

నిర్ధారించవలసినది ఎవరో తెలపాలని సోమయాజులు గారు పైకి రాశారు. భవనాల విభాగం ఇంజనీరు నిర్ధారించవచ్చునని పైనుంచి వచ్చింది. అసిస్టెంట్ ఇంజనీర్ గరుడాచలం జీపులో దిగాడు. గోడముందు నిలబడి, చొక్కా చేతులు మడిచి, వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించాడు. కాస్త జరిగి మళ్ళీ తట్టాడు.

"ఇక్కడ డొల్ల సార్. ఇక్కడ మాత్రం గట్టి. అంటే గొట్టం ఇక్కడుంది."

అతను చెయ్యి పెట్టిన చోట హైమావతి పెన్సిలు గీత ఉంది. ఆమె సంతోషంగా డ్రిల్లువాడిని పిలవబోయింది.

"ఆగమ్మా," అన్నారు సోమయాజులు గారు. "నేనూ వింటాను." ఆయనా తట్టి, చెవి ఆనించారు. "నాకు ఇక్కడ కూడా కొంచెం డొల్లగానే వినిపిస్తోందయ్యా."

"మీ చెవికి వయసొచ్చింది సార్" అనే ధైర్యం గరుడాచలానికి లేదు. "మీరన్నాక ఉండొచ్చు సార్" అన్నాడు. ఒక గోడమీద ఇద్దరు అధికారులకు రెండు శబ్దాలు వినిపించాయి గనక నిర్ధారణ జరగలేదని, సంయుక్త శ్రవణం అవసరమని తేలింది. గరుడాచలం టీ తాగి వెళ్ళిపోయాడు.

ఈ లోపల రాష్ట్రమంతటా ఇదే తంతు నడుస్తోంది. ఒకచోట గడియారం తగిలించలేక బల్లమీద పడుకోబెట్టారు. మరోచోట పైకప్పు వెనక ఏముందో తేలక, కొత్త ఫ్యానును నేలమీద నిలబెట్టి దాని చుట్టూ కూర్చున్నారు. శాఖవారు దీన్ని సమస్యగా చూడలేదు, ఉద్యమంగా చూశారు. 'గోడ చైతన్య వారం' ప్రకటించారు. "తట్టండి, వినండి, ఆగండి" అన్నది నినాదం. ప్రతి ఉద్యోగికీ గోడ తట్టడంలో శిక్షణ ఇవ్వాలని ఆదేశించారు.

శిక్షణకు పెద్ద గది కావాలి. నడకల ఆసుపత్రిలో పెద్దది వ్యాయామం హాలు ఒక్కటే. ఆ వారమంతా రోగుల వ్యాయామం ఆపి, ఉద్యోగులు వరసగా గోడలకు చెవులు ఆనించి నిలబడ్డారు. ఎడమచేత్తో తట్టవచ్చునా, ఉంగరం ఉన్న వేలితో తట్టితే చెల్లుతుందా వంటి ప్రశ్నలకు రాజధాని నుంచి వచ్చిన శిక్షకుడు ఓపికగా సమాధానాలు చెప్పాడు. మూడో తట్టుకు ముందు ఊపిరి బిగపట్టాలని ఆయన సూచించాడు. నర్సులు బిగపట్టారు.

శిక్షణ ముగిశాక భవనంలోని గోడలన్నీ తట్టి ఫలితాలు ప్రకటించారు. మందుల గది పక్క గోడను తట్టినప్పుడు లోపల్నుంచి "ఉన్నానండీ, ఒక్క నిమిషం!" అని కేక వచ్చింది. అది మరుగుదొడ్డి గోడ. లోపలున్నది ఫార్మసిస్టు. ఆ గోడ వెనక 'ప్రాణముగల పదార్థము' ఉన్నట్లు నమోదు చేశారు. భవనం మొత్తం మీద వివాదం లేకుండా నిర్ధారణ అయిన గోడ అదొక్కటే. కానీ దానికి రంధ్రం చేయవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

వారంపాటు నడక లేక నరసమ్మ కాలు మళ్ళీ బిగుసుకుపోయింది. హైమావతి మోకాలు వంచబోతే ఆమె పళ్ళ బిగువున మూలిగింది.

"నలుగురు పట్టీసుకుని నన్ను మా పాకలో నిలబెట్టీరాదేటమ్మా? మునిసిపాల్టీవోడు సూసెల్లిపోయేదాకా నిలబడతాను."

"తర్వాతో?"

"తర్వాత పడిపోతాను. ఏటైపోద్ది? నా జాగాలోనే కదా పడతాను."

ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక హైమావతి, మర్నాడు గోడకు రంధ్రం చేసేసి, ఏ చర్య తీసుకుంటారో తీసుకోమందామని కూడా అనుకుంది. డ్రిల్లువాడు ఒప్పుకోలేదు. వాడి పేరు కూడా విచారణలో వస్తుందట.

అప్పుడు యంత్రం వచ్చింది. చెవులకు తేడాలుంటాయి, యంత్రానికి ఉండవని శాఖవారు జిల్లాకొకటి పంపారు. సబ్బుపెట్టె అంత ఉంటుంది. గోడమీద జరిపితే లోపల లోహం ఉన్నచోట ఎర్ర దీపం వెలిగి 'కూ' అంటుంది. గరుడాచలం మళ్ళీ వచ్చి, అందరి సమక్షంలో దాని మీట నొక్కాడు. గోడకింకా ఆనించనేలేదు, అది కూ అంది.

అతను బెల్టు విప్పి పక్కన పెట్టాడు. మళ్ళీ కూ అంది. సోమయాజులు గారు ఉంగరం తీశారు. అయినా కూ అంది. వెనక్కి తిరిగి చూస్తే, ఏం జరుగుతోందోనని రోగులు దగ్గరగా వచ్చి మూగారు. ఒకడి తొడలో రాడ్డుంది. ఒకామె తుంటికి ప్లేటుంది. ఇంకొకడి మోకాలే స్టీలు. యంత్రం వాళ్ళందరికేసీ తిరిగి ఆనందంగా కూస్తోంది.

సోమయాజులు గారు అక్కడికక్కడే ఒక ఉత్తర్వు జారీచేశారు. లోహము కలిగిన రోగులు పరీక్ష ముగియువరకు గోడకు పది అడుగుల దూరములో ఉండవలెను. వరండా వెడల్పే పది అడుగులు లేదు. అందుచేత వాళ్ళను కిటికీల అవతల తోటలోకి నడిపించారు. ఎండ చుర్రుమంటోంది.

"నీకు లోపల లోహం ఉందామ్మా?" అని గరుడాచలం నరసమ్మను అడిగాడు.

"నాకేటీ నేదు బావూ. కాళ్ళకి మెట్టెలున్నాయి, అంతే."

"అవి తీసెయ్యాలమ్మా."

"మా ఆయన నిక్షేపంలాగున్నాడు. నీ గోడకోసం నాను మెట్టెలు తీత్తానా?" అని ఆమె కళ్ళెర్ర చేసేసరికి గరుడాచలం రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమెనూ, ఆమె మెట్టెలనూ, ఆమె వాకరునూ కలిపి హైమావతి హాల్లోకి తీసుకుపోయింది.

ఎవరూ లేని వరండాలో యంత్రం బుద్ధిగా పనిచేసింది. పెన్సిలు గీతలున్న ప్రతిచోటా కూ అంది. గీతలు లేనిచోట నోరు మెదపలేదు. ఇక అయిపోయిందనుకుంది హైమావతి. కానీ ఇంత ముఖ్యమైన ఘట్టంలో చివరి మాట తనది కాకూడదని సోమయాజులు గారికి తోచింది. ఆయన రాజధానికి ఫోను చేశారు. నిర్ధారణను నిర్ధారించడానికి డిప్యూటీ డైరెక్టర్ ఉమాకాంత పట్నాయక్ గారు స్వయంగా బయలుదేరారు. సర్క్యులర్ రాసినది ఆయనే.

పట్నాయక్ గారు సన్నగా, పొడుగ్గా, నిండు వాక్యాలతో మాట్లాడే మనిషి. ఆయనకు కుర్చీ వేశారు, కొబ్బరినీళ్ళు ఇచ్చారు. అందరూ చెప్పింది ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"అయస్కాంతమును బట్టి అక్కడ ఏదో ఉన్నది. శబ్దమును బట్టి ఏదో ఉన్నది. యంత్రమును బట్టియు ఏదో ఉన్నది. అంతేనా?"

"అంతే సార్," అన్నాడు గరుడాచలం.

"మంచిది. కానీ సర్క్యులర్ 'ఏదో ఉన్నదా' అని అడుగుటలేదు. 'ఏమున్నదో' అని అడుగుచున్నది. ఈ రెంటికీ గల భేదము మీరు గమనించవలెను. అది గొట్టమే కావచ్చును. మరొకటి కావచ్చును. చూడనిదే చెప్పరాదు."

"చూడాలంటే చిన్న బెజ్జం పెట్టి చూడాలి కదా సార్," అంది హైమావతి.

"బెజ్జమనగా రంధ్రమే. నిర్ధారణకు ముందు రంధ్రము నిషిద్ధము."

"రంధ్రం లేకుండా నిర్ధారణ ఎలా అవుతుంది సార్?"

"అదే ప్రస్తుత చిక్కు," అని పట్నాయక్ గారు ఒప్పుకున్నారు. తను రాసిన వాక్యం ఇంత లోతైనదని ఆయనకు అంతవరకూ తెలియదు. ఆయన ముఖంలో ఒక విధమైన గర్వం కనిపించింది.

సోమయాజులు గారు గోడవైపు చూశారు. గరుడాచలం యంత్రం వైపు చూశాడు. దసరా ముంచుకొస్తోంది. హాలు గుమ్మంలో వాకరు పట్టుకుని నిలబడి ఇదంతా వింటున్న నరసమ్మకు ఓర్పు పూర్తిగా పోయింది.

"అయితే గోడ పీకీండి బావూ!" అని అరిచింది. "బెజ్జం ఎట్టొద్దని రాసారు గానీ గోడ పీకొద్దని రాయనేదు కదా! మొత్తం పీకీసి, కళ్ళు పెద్దవి సేసుకుని, కరువుదీరా సూసుకోండి!"

హైమావతి కంగారుగా ఆమె చెయ్యి పట్టుకుంది. సోమయాజులు గారు క్షమాపణ చెప్పబోయారు. పట్నాయక్ గారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. ఆయన లేచి నిలబడ్డారు.

"ఈమె ఎవరు?"

"పేషెంటు సార్. ఇడ్లీలు అమ్ముతుంది. కాస్త నోరు ఎక్కువ," అన్నారు సోమయాజులు గారు.

"ఈమె చెప్పినది నియమబద్ధము. రంధ్రమనగా నేమి? చుట్టును గోడ ఉండి, మధ్య లేకుండుట. గోడయే లేనప్పుడు రంధ్రమను ప్రశ్న ఉదయించదు. సర్క్యులర్ గోడ తొలగింపును ఎచ్చటను నిషేధించలేదు. తొలగించండి."

మర్నాడు పొద్దున్నే పనివాళ్ళు వచ్చారు. మరలు విప్పి, అట్టలను ఒక్కొక్కటే తీసి కిటికీల కింద పేర్చారు. మధ్యాహ్నానికి వరండా పక్క అట్టలన్నీ ఊడిపోయి, వెనక నిలువు గొట్టాలు బారుగా బయటపడ్డాయి. ఒక గొట్టం వెంబడి కరెంటు తీగ వేలాడుతోంది. అట్టల మీద పెన్సిలు గీతలు ఎక్కడున్నాయో గొట్టాలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. హైమావతి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ప్రయోజనం లేదని ఈపాటికి ఆమెకు తెలుసు.

"ఇప్పుడు నిర్ధారణ అయినట్టే కదా సార్?" అన్నాడు గరుడాచలం.

పట్నాయక్ గారు గొట్టాల మధ్యలోంచి తొంగి చూశారు. అవతలి పక్క అట్టల వీపులు తెల్లగా కనిపిస్తున్నాయి. "దీని వెనుక ఏమున్నది?"

"అది సూపరింటెండెంటు గారి గది సార్."

"నిర్ధారించితిరా?"

రెండో పక్క అట్టలు కూడా తీశారు. బల్ల ఎదుట మిగిలిన ఆఖరి అట్ట దింపేసరికి గదిలో సోమయాజులు గారు, కాళ్ళు ఎదుటి కుర్చీమీద చాచుకుని, ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుని, పెరుగన్నంలో మామిడికాయ ముక్క నంజుకుంటున్నారు. ఏసీ చల్లదనం ఒక్కసారిగా వరండాలోకి వచ్చింది. పరీక్ష ముగియలేదు గనక ఇంకా తోటలోనే ఉన్న రోగులు, కిటికీల దగ్గర మూగిన నర్సులు, గుమ్మంలోని పనివాళ్ళు, అందరూ ఆయన్ను చూశారు. ఆయన ముక్కను నోట్లోంచి తియ్యాలో మింగాలో తెలియక అలాగే ఉండిపోయారు. పట్నాయక్ గారు మాత్రం చలించలేదు. గోడ వెనుక ఉన్నవి ఇనుప గొట్టములు, ఒక విద్యుత్తు తీగ, సూపరింటెండెంటు అని గరుడాచలం చేత రాయించి, కింద సంతకం చేశారు. శాఖ చరిత్రలో అది మొదటి పూర్తి నిర్ధారణ.

"ఇక కమ్మీ బిగించుకోవచ్చా సార్?" అంది హైమావతి.

"నిస్సందేహముగా. గోడకు బిగించుకొనవచ్చును."

"గోడేది సార్?"

పట్నాయక్ గారు గోడ ఉండవలసిన చోటికి చూసి, వివరించసాగారు. మంజూరైన పని 'గోడకు కమ్మీ అమర్చుట'. గొట్టాలకు అమర్చడానికి మంజూరు లేదు. కాబట్టి మళ్ళీ అట్టలు బిగించి గోడ చేయాలి. చేశాక అది కొత్త గోడ అవుతుంది. ఈ నిర్ధారణ పాత గోడకు సంబంధించినది. కొత్త గోడ వెనక ఏముందో...

హైమావతి ఆ వాక్యం చివరిదాకా వినలేదు. కిటికీ కింద పేర్చిన అట్టలమీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఎవరి ముందూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చేసేలా ఉంది.

"డాట్రమ్మా."

ఆమె తలెత్తింది. నరసమ్మ వాకరును గుమ్మం దగ్గరే వదిలేసి, మొదటి గొట్టాన్ని కుడిచేత్తో పట్టుకుని నిలబడి ఉంది. గొట్టాన్ని ఒకసారి గట్టిగా ఊపి చూసింది. అది కదల్లేదు.

"గట్టిగానే ఉన్నాదే," అంది తనలో తాను.

ఎడమ కాలు ఈడ్చి ముందుకు వేసింది. చెయ్యి చాచి రెండో గొట్టం అందుకుంది. కుడికాలు వేసింది. మళ్ళీ ఎడమ కాలు. మూడో గొట్టం. హైమావతి లేచి ఒక్క అంగలో పక్కకు చేరింది, ముట్టుకోలేదు. "మోకాలు బిగబట్టకండి పిన్నీ. ఊపిరి వదలండి. ఆఁ, అలాగే." నరసమ్మ మొహం మీద చెమట కారుతోంది. రెండేసి అడుగులకొక గొట్టం చేతికి సరిగ్గా అందుతోంది. కమ్మీ అయితే చెయ్యి వదలకుండా జరుపుకుంటూ పోవచ్చు. ఇక్కడ మాత్రం ప్రతి రెండడుగులకూ ఒకటి వదిలి, ఇంకొకటి అందుకోవలసిందే. ఆ వదలడానికీ అందుకోవడానికీ మధ్య ఒక్క క్షణం ఆమె ఏ ఆధారమూ లేకుండా తన కాళ్ళమీద తను నిలబడుతోంది. హైమావతి ఏళ్ళుగా రోగులకు నేర్పాలని చూస్తున్నది సరిగ్గా ఆ క్షణాన్నే.

సూపరింటెండెంటు గది ఎదుటికి వచ్చేసరికి నరసమ్మ ఆగి ఆయాసం తీర్చుకుంది. గొట్టాల సందులోంచి లోపలికి చూసింది. "తినండి బావూ, తినండి. సల్లారిపోద్ది," అంది.

"పెరుగన్నమేనమ్మా," అన్నారు సోమయాజులు గారు అప్రయత్నంగా. ఆయన డబ్బా పక్కన పెట్టి లేచారు. ఆమె ఒక్కొక్క గొట్టమే అందుకుంటూ పోతుంటే, లోపలి పక్కన ఆయన కూడా ఆమెతో సమానంగా నడిచారు. అలా నడుస్తున్నట్టు ఆయనకే తెలియదు.

ఆఖరి గొట్టానికీ బయటి తలుపుకీ మధ్య నాలుగడుగుల ఖాళీ ఉంది.

"అక్కడ పట్టుకొనుటకు ఏమియు లేదు," అని పట్నాయక్ గారు హెచ్చరించారు.

"కనపడతంది బావూ," అంటూ నరసమ్మ ఆ ఖాళీలోకి కాలు వేసింది. ఒకసారి తూలింది. హైమావతి చేతులు ముందుకు వచ్చాయి గానీ ఆగాయి. నరసమ్మ తలుపు చట్రం పట్టుకుని, వెనక్కి తిరిగి, అందరికేసీ చూసి, "హమ్మ" అంది.

ఆ రోజు నుంచి రోగులందరూ గొట్టాలు పట్టుకునే నడక నేర్చుకున్నారు. రాడ్లున్నవాళ్ళూ, ప్లేట్లున్నవాళ్ళూ తోటలోంచి తిరిగొచ్చారు. దసరాకు ముందే నరసమ్మ తన పాకలోకి వెళ్ళిపోయింది. పాక చుట్టూ వెదురు గుంజలున్నాయి. పొయ్యి దగ్గర్నుంచి బల్ల దాకా, బల్ల దగ్గర్నుంచి కుండ దాకా వాటిని ఒంటి చేత్తో పట్టుకుంటూ, రెండో చేత్తో ఇడ్లీలు వడ్డించింది. చూడవచ్చిన మునిసిపాలిటీవాడు నాలుగు తిని, ఇంకో రెండు పొట్లం కట్టించుకుని వెళ్ళాడు. జ్యూసు కొట్టువాడు కొలతల టేపు మడిచి లోపల పెట్టుకున్నాడు.

ఆసుపత్రిలో గోడ లేకపోవడం మొదట్లో సోమయాజులు గారికి చాలా కష్టమైంది. పొద్దుటినుంచీ సాయంత్రం దాకా ఆయన బల్ల ముందు నుంచే రోగులు నడుస్తారు. ప్రతివాళ్ళూ ఆగి నమస్కారం పెడతారు. ప్రతి నమస్కారానికీ ఆయన తలెత్తక తప్పదు. కునుకు తీయడానికి లేదు, కాళ్ళు చాచడానికి లేదు. తలెత్తగా తలెత్తగా, తన ఆసుపత్రిలో ఎవరెవరున్నారో ఆయనకు తెలియడం మొదలైంది. ఎవరి కాలు నిన్నటికన్నా ఇవాళ మెరుగ్గా పడుతోందో కూడా తెలిసిపోతోంది. ఒకరోజు రానివాళ్ళ గురించి మర్నాడు హైమావతిని అడగసాగారు.

కొన్నాళ్ళకు పట్నాయక్ గారి నుంచి ఉత్తరం వచ్చింది. తొలగించిన గోడను వెంటనే యథాస్థానములో పునర్నిర్మించి తెలియజేయవలెనని అందులో ఉంది.

సోమయాజులు గారు దాన్ని రెండుసార్లు చదివారు. గొట్టాల అవతల ఒక లారీ క్లీనరు, చెమటలు కక్కుతూ, ఐదో గొట్టం నుంచి ఆరో గొట్టానికి చెయ్యి చాస్తున్నాడు. అతను అందుకునేదాకా ఆయన చూశారు. తర్వాత కలం తీసి తన సొంత దస్తూరీతో జవాబు రాశారు. "ఆర్యా, ప్రతిపాదిత గోడను నిర్మించుటకు ముందు దానికి ఇరువైపుల ఏమున్నదో నిర్ధారించవలసి యున్నది. ఇరువైపుల ఉన్నవారు నిత్యము మారుచున్నందున పరిశీలన కొనసాగుచున్నది. ముగిసిన వెంటనే తెలియజేయబడును."

సంతకం పెట్టి, కవరు అంటించి, తలెత్తారు.

"ఒరే అబ్బాయ్, మడమ ముందు ఆన్చాలిరా! వేళ్ళు కాదు, మడమ!"

హాల్లోంచి హైమావతి తల బయట పెట్టింది. "సార్, అది నా పని!"

"ఎదురుగా కనిపిస్తోంది కదమ్మా," అన్నారు సోమయాజులు గారు. "చూస్తూ ఎలా ఊరుకోమంటావు?"